జాజిమల్లి ఇంకా వేటలోనే ఉంది

131వ రోజు

పొద్దున్నే నీటి గొట్టం మూతికి పట్టిన గుల్లలు గోకాను. నా నియామకపత్రంలో ఈ పని ఎక్కడా లేదు. "జాడల పట్టీ నిర్వాహకురాలు, మూడో దిమ్మ" అని దర్జాగా రాసి ఉంది. కానీ గుల్లలు గోకకపోతే సముద్రపు నీళ్ళు లోపలికి రావు. నీళ్ళు రాకపోతే యంత్రాలు చల్లబడవు. యంత్రాలు వేడెక్కితే రెండువందల పన్నెండు పడవల్లో దారి చూపే ముల్లు ఆగిపోతుంది. అందుకని నిర్వాహకురాలమ్మ చీర దోపుకుని గుల్లలు గోకుతుంది.

సముద్రం ఊళ్ళమీదికి వచ్చాక మావాళ్ళకి వలకన్నా ముల్లే ముఖ్యమైపోయింది. నీళ్ళకింద కరెంటు స్తంభాలున్నాయి, నీళ్ళ ట్యాంకులున్నాయి, కల్యాణమండపం గోడలున్నాయి. పడవ అడుగుకి తగిలేదాకా ఏదీ కనబడదు. అందుకే ప్రతి పడవా నిమిషానికోసారి తానెక్కడుందో ఈ దిమ్మకి చెప్తుంది. పట్టీలో ఒక వరస పడుతుంది. ఆ వరసని బట్టి ఎటు తిరగాలో పడవలోని ముల్లుకి కబురు వెళ్తుంది. చదువుకున్నవాళ్ళు దీన్ని డేటాబేస్ అంటారు. మా అత్త "మీ చిట్టా" అంటుంది.

దిమ్మంటే ఒకప్పటి గ్యాసు బావి. ఒడ్డుకి నలభై కిలోమీటర్లు. నూట ఎనభై రోజులకి ఒక మనిషి, ఆ మనిషికి తోడు ఇంకో మనిషి లేడు. పొద్దున్న ఆరింటికి ప్రతి పడవా రేడియోలో తన పేరు చెప్తుంది, నేను "విన్నాను" అంటాను. వేట ముగించి రేవుకి తిరిగొచ్చినప్పుడు మళ్ళీ పేరు, మళ్ళీ "విన్నాను". మధ్యలో ఎవరికీ నాతో పనుండదు. నేను రోజుకి మాట్లాడే మాటల్లో నూటికి తొంభై ఆ ఒక్క మాటే. మొన్న చెయ్యి కాలినప్పుడు కూడా "అమ్మా" అనబోయి "విన్నాను" అన్నాను. ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తరవాత నవ్వు రాలేదు.

రాని పడవకి కూడా నిమిషానికో వరస పడుతుంది: "వేటలో ఉంది. జాడ లేదు." ఇంటి పెద్ద రేవులోని రేడియో దగ్గరికొచ్చి మూసేయమని చెప్పేదాకా అలా పడుతూనే ఉంటుంది. ఇది ఏ ఇంజనీరూ పెట్టిన నియమం కాదు, రేవు పెట్టింది. మనవాడి జాడ కోసం ఎవరో ఒకరు చూస్తున్నారన్న నమ్మకం లేకపోతే ఏ ఆడమనిషీ మగాణ్ణి వేటకి పంపదు. అలా తెరిచి ఉన్న పడవలు ఇవాల్టికి అరవై మూడు.

పట్టీ నూటికి తొంభై ఒకటి నిండింది.

134వ రోజు

లాంచీ వచ్చింది. లాంచీవాళ్ళు పైకి రారు, అలలకి నిలవదంటారు. బుట్ట దింపితే సరుకులు పెడతారు, లాక్కోవాలి. బియ్యం, ఉల్లిపాయలు, మాగాయి, పన్నెండు కొత్త డిస్కులు. లాంచీలోంచి ఒకడు చెయ్యి ఊపాడు. మొహం కనబడలేదు గాని, నేను మాత్రం లాంచీ కనుమరుగయ్యేదాకా ఊపాను.

డిస్కులు అరల్లో బిగించాను. ఇక్కడున్నది ఒకటే పెద్ద యంత్రం. అందులో మూడు వాటాలు: ఒకటి జాడల పట్టీ, ఒకటి వాతావరణం, ఒకటి పంపుల లెక్క. ఒకే ఇంట్లో ముగ్గురు అద్దెకున్నట్టు. గోడలు నిజం గోడలు కావు, యంత్రం మాటవరసకి కట్టినవి. అందుకే చోటు పెంచడం రెండు పనులు. ముందు ఇంటికి చోటు కలపాలి. తరవాత పట్టీ ఉన్న వాటాకి "ఇకమీదట నీ వాటా ఇంత" అని చెప్పాలి. మొదటిది అయింది. రెండోదానికి యంత్రం ఒప్పుకోలేదు.

"ఈ వాటాకి నిలుపు ఉంది. నిలుపు తీసేదాకా పెంచడం కుదరదు" అంది.

నిలుపంటే, పట్టీని ఒకానొక రోజున ఉన్నదున్నట్టుగా ఆపి దాచుకోవడం. పెద్ద మార్పు చేసేముందు పెట్టుకుంటాం, పని అయ్యాక రెండోరోజే తీసేస్తాం. తియ్యకుండా వదిలేస్తే ఆ తరవాత పడే ప్రతి వరసా దానిమీద పొరగా పేరుకుంటూ పోతుంది.

ఒడ్డు ఆఫీసులో వరహాలుగారు అడిగారు. ఆయన నాకు పై అధికారి, పదకొండేళ్ళుగా రేడియోలో గొంతు.

"ఏం చెల్లెమ్మా, డిస్కులు పెట్టేశావా? పెళ్ళివారిల్లంత చోటొచ్చిందా?"

"పెట్టానండీ. ఏదో తిరకాసుంది, పట్టీ తీసుకోవట్లేదు. చూస్తున్నాను."

"నీకు తెలీని తిరకాసేముంటుంది అక్కడ!" అని నవ్వారు.

నిజమే. నాకు తెలియనిదేం కాదు. ఆ నిలుపు పెట్టింది నేనే, ఐదేళ్ళ కిందట. ఇది ఒడ్డుకి పంపే చిట్టా కాదు కనక, నా సొంత పుస్తకం కనక, ఇక్కడైనా నిజం రాసుకుంటున్నాను.

పట్టీ తొంభై మూడు.

136వ రోజు

నా మొగుడి పేరు ఎల్లాజి. పడవ పేరు జాజిమల్లి. ఆరేళ్ళ కిందట ఒకరోజు పొద్దున్న రేడియోలో "జాజిమల్లి" అన్నాడు. నేను ఇదే దిమ్మమీద ఇదే కుర్చీలో కూర్చుని "విన్నాను" అన్నాను. మిగతా పడవలకి ఏ గొంతుతో చెప్పానో అదే గొంతుతో. డ్యూటీలో ఉండగా సొంత మాటలు కూడదని నా పట్టుదల. అంత బిర్రుగా ఉండి ఏం సాధించానో ఆ దేవుడికే తెలియాలి. సాయంత్రం నాలుగూ పన్నెండుకి వరస పడింది. నాలుగూ పదమూడుకి "జాడ లేదు".

ఏడాది తరవాత మా అత్త పోలమ్మ రేడియో దగ్గరికి వస్తానని కబురు పెట్టింది. ఇంటికి పెద్ద ఆవిడ, మూసే హక్కు ఆవిడది. కోపంతో కాదు. "ముప్పయ్యైదేళ్ళకే ఇలా కూకుంటే నీ బతుకేటవ్వాలే? మూసేద్దాం. నువ్వు ఇంకో మనువు సేసుకో" అంది. మూసే ముందు నిర్వాహకురాలు మూడుసార్లు అడగాలి. మా అత్తని నేనే అడిగాను. "మూసేయమంటారా?" "మూసేయ్." "మూసేయమంటారా?" "మూసేయ్." మూడోసారి అడిగేటప్పటికి ఆవిడా ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను, మధ్యలో నలభై కిలోమీటర్ల నీళ్ళు.

మూసిన పడవ వరసలు నలభై రోజులాగి చెరిపేస్తారు. అది తెలిసే, ఆవిడ రావడానికి ముందురోజు నిలుపు పెట్టేశాను. నిలిపిన రోజులో జాజిమల్లి మూతపడలేదు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అక్కడ మాత్రం ఉంది. నేను దిమ్మమీద ఉన్నన్నాళ్ళూ, టీ పెట్టుకుని సాయంత్రం నాలుగింటికి నిలుపు తెరుస్తాను. ఆఖరి వరస చదువుకుంటాను: జాజిమల్లి, వేటలో ఉంది. తాగిన గ్లాసు కడుక్కుని లేస్తాను. ఇంకో మనువు ఊసెత్తినవాళ్ళకి ఇది ఎలా చెప్పను?

ఒక్క రోజు దాచుకుంటే ఏం బరువు అనుకున్నాను. ఇప్పుడు ఐదేళ్ళ పట్టీ మొత్తం ఆ ఒక్క రోజుమీద కూర్చుంది. తియ్యాలంటే పొరలన్నీ కిందకి కలిపి రావాలి, ఆరు గంటల పైమాటే. కలిపాక ఆ రోజు ఉండదు.

తొంభై ఐదు. రేపు చూద్దాం అనుకున్నాను. నిన్నా అదే అనుకున్నాను.

138వ రోజు

గోరుచుట్టు మీద రోకటిపోటు. వాయుగుండం తూర్పున బలపడిందట, రేపు మధ్యాహ్నానికి గాలి మొదలవుతుందట. గాలి లేస్తే పడవలు నిమిషానికి కాక పావు నిమిషానికోసారి జాడ చెప్తాయి. అంటే పట్టీ నాలుగింతల వేగంతో నిండుతుంది. ఇప్పుడే తొంభై ఏడు. నిండిపోతే ఒక్క వరస కూడా పడదు, ముళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగుతాయి. తుపానులో, నీళ్ళకింద స్తంభాల మధ్య.

"పడవల్ని ఇవాళే పిలిపించేయలేమా?" అన్నాను.

"అన్నీ దూరం పోయున్నాయి చెల్లెమ్మా. ఎంత తొందరపడ్డా ఒడ్డుకి చేరేసరికి రేపు సాయంత్రమే. నీ తిరకాసు సంగతేంటి?"

నీళ్ళు నమిలాను. "ఇంకా చూస్తున్నానండీ."

"సరే, నేనొక పని చేశాను. తెరిచున్న జాడలకి నిమిషానికో వరస దండగే కదా. దిమ్మలో చోటు చాలట్లేదు, మూయదలుచుకున్నవాళ్ళు మూసేయండని రేవులో మైకు పెట్టి చెప్పించాను. పాపం, పొద్దున్నే ఇద్దరు వచ్చారు. నీకు పని పెరిగినా ఏమనుకోకు."

పొద్దున్న ఆ ఇద్దరినీ మూడేసిసార్లు అడిగి మూసింది నేనే. ఎందుకు మూస్తున్నారని అడగలేదు. అడగకూడదు. ఆయన చెప్పాక గాని తెలియలేదు, నా అబద్ధానికి వాళ్ళు జవాబు చెప్పుకుంటున్నారని.

ఆయన లైను దిగగానే మూడో మనిషి వచ్చింది. ముసలి గొంతు. పేరు మరిడమ్మ, కొడుకు పేరు సింహాద్రి, పడవ గోవిందు. తొమ్మిదేళ్ళుగా తెరిచి ఉంది.

"మూసేయమంటారా?" అన్నాను.

"మూసేయ్ తల్లీ. సోటు లేదంట గదా."

"మూసేయమంటారా?"

"ఆడు వొచ్చేవోడైతే ఈపాటికి వొచ్చేసేవోడే. ఆడికోసం బతికున్నోళ్ళ ముల్లు ఆగిపోకూడదు గదమ్మా. మూసేయ్. ఇన్నేళ్ళు సూసావు, నీ రుణం తీర్సుకోలేను."

మూడోసారి అడగాలి. నేను అడగలేదు. నేనొక్కదాన్ని ఒక్క రోజుని కొంగున కట్టుకుని కూర్చున్నందుకు, ఈ తల్లి తొమ్మిదేళ్ళ ఎదురుచూపు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెడుతోంది. పైగా రుణమట! సిగ్గుతో చచ్చిపోయాను.

"మరిడమ్మగారూ, లైను సరిగా లేదు. మీ మాట వినబడట్లేదు" అన్నాను. చక్కగా వినబడుతోంది, ఆవిడ ముక్కు చీదుకోవడంతో సహా. "తొందరేం లేదు, ఇంటికెళ్ళండి. చోటు సంగతి నేను చూసుకుంటాను."

రేపు పొద్దున ఆరింటికల్లా నిలుపు తీసేస్తాను. రాసి పెడుతున్నాను, మళ్ళీ మాట మార్చకుండా.

139వ రోజు

ఉదయం 6.00. పడవలన్నీ పేర్లు చెప్పాయి. రెండువందల పన్నెండూ తిరుగుదారిలోనే ఉన్నాయి. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది.

6.20. నిలుపు తీసే ముందు, జాజిమల్లి వేటకెళ్ళిన చివరి రోజు దారి కాగితం మీద రాసుకుంటున్నాను. ప్రింటరు ఉప్పుగాలికి ఎప్పుడో కన్నుమూసింది. ఫైల్లోకి తీసుకోవచ్చు, కానీ యంత్రంలో ఇంకో దాపరికం పెట్టబుద్ధి కావట్లేదు. నిమిషానికొకటి, మొత్తం ఆరువందల ఎనభై రెండు వరసలు. గంటలో అయిపోతుందనుకుంటాను.

9.05. గంటన్నది రెండున్నర దాటింది. మధ్యలో ఒకచోట పదకొండు నిమిషాలు పడవ కదల్లేదు. అన్నం తింటున్నాడన్నమాట. ఆరేళ్ళుగా చదువుతున్నాను గాని ఎప్పుడూ ఆఖరి వరసకే పోయేదాన్ని, అన్నం తిన్న సంగతి చూసుకోలేదు. నేను కట్టిచ్చిన డబ్బా కాదు, నేనిక్కడున్నాను కదా. వాళ్ళమ్మ కట్టినది. కాసేపు పని చెయ్యలేకపోయాను.

నిలుపు తీయమన్నాను. "ఖాయమేనా?" అంది యంత్రం. ఒక్కసారే అడిగింది. ఔనన్నాను.

మధ్యాహ్నం 12.30. సగం కలిసింది. పట్టీ తొంభై ఎనిమిది. గాలి అనుకున్నదానికన్నా ముందే లేచింది. పడవలు పావు నిమిషానికోసారి చెప్తున్నాయి.

2.40. తొంభై తొమ్మిది. దిమ్మ కాళ్ళు ఊగుతున్నాయి. పంపు గదిలోకి నీళ్ళొచ్చాయి, తోడాను. వరహాలుగారికి నిజం చెప్పేశాను: నిలుపు నాదే, ఐదేళ్ళుగా ఉంది, అందుకే చోటు పెరగలేదు. "ఎల్లాజిదా?" అన్నారు. ఔనన్నాను. "పని కానీయమ్మా" అన్నారు. చెల్లెమ్మా అనలేదు.

3.10. పొరలన్నీ కలిశాయి, ఆఖరిది మిగిలింది. అది కలిసేటప్పుడు పట్టీ ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుందని పుస్తకంలో ఉంది. అన్ని పడవలకీ రేడియోలో చెప్పాను: "కాసేపు ముల్లు ఆగుతుంది. ముల్లుని నమ్మకండి, ఇంజను తగ్గించి ఉన్నచోటే తిరగండి." ఆ అలల్లో ఉన్నచోటే ఉండడం ఎవరి తరమో నాకు తెలియదు.

3.19. ఆగింది.

3.21. పుస్తకంలో క్షణం. ఐదేళ్ళ నిలుపుకి రెండు నిమిషాల పది సెకన్లు. ఆ రెండు నిమిషాలూ తెరమీద ఒక్క చుక్క కదల్లేదు. నేను బల్ల పట్టుకుని నిలబడి పడవల పేర్లు పైకి చదివాను. ఎవరికీ వినబడవని తెలిసినా చదివాను.

3.23. వాటా పెంచాను, ఈసారి మారుమాటాడకుండా ఒప్పుకుంది. పట్టీ అరవై ఒకటికి దిగింది. ముళ్ళు తిరిగాయి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఉంటే గాలి ముదరకముందే ఆ రెండు నిమిషాలు అయిపోయి ఉండేవి. ఎవరికీ తెలిసేదే కాదు.

సాయంత్రం 5.50. పడవలు రేవు చేరి పేర్లు చెప్తున్నాయి. విన్నాను. విన్నాను. విన్నాను.

6.25. రెండువందల పదకొండు.

చిట్టితల్లి రాలేదు. ఇద్దరు అన్నదమ్ములు, కొండబాబు, రామిచెట్టి. ఆఖరి వరస 3.19. ఆ తరవాత లేదు.

140వ రోజు

గాలి తగ్గింది. గుల్లలు గోకలేదు. పొద్దున్నించి వెతికే పడవలకి దారి చెప్తూ కూర్చున్నాను. చిట్టితల్లి ఆఖరి చోటు చుట్టూ నాలుగు వెతుకుతున్నాయి. ఒక నీళ్ళడబ్బా దొరికింది. అది ఎవరిదైనా కావచ్చు.

వరహాలుగారికి రెండు సంగతులు చెప్పాను. ఒకటి, మొన్న మూసిన ఆ రెండు పడవలకీ నలభై రోజులు కాలేదు, మళ్ళీ తెరవొచ్చు, వాళ్ళిళ్ళకి వెళ్ళి అడగండి, మరిడమ్మగారికి కూడా మూయక్కర్లేదని చెప్పండి. రెండు, ఈ పుస్తకం లాంచీలో పంపుతున్నాను, మీరు చదవండి, ఆ తరవాత ఏం చేస్తారో మీ ఇష్టం. మొదటిదానికి "వెళ్తాను" అన్నారు. రెండోదానికి, "అన్నం తిన్నావా?" అన్నారు.

పదకొండింటికి రేడియోలో ఒక ఆడగొంతు. చిన్నవయసే.

"నా పేరు మంగతాయండి. కొండబాబు మా ఆయన. రామిచెట్టి మా మరిది."

"చెప్పమ్మా."

"ఇంటికి పెద్ద ఇప్పుడు నేనేనండి. మా అత్తా మామా లేరు." "మొన్న మైకులో చెప్పారు కదండి, దిమ్మలో చోటు లేదని. తెరిచినవి మూసుకోమని. మాది కూడా మూసేయాలాండి?"

ఈ పిల్లకి నిజం చెప్పకుండా ఇంకొక్క మాట చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

"అమ్మా, ముందు ఒకటి విను. నిన్న మధ్యాహ్నం ముల్లు రెండు నిమిషాలు ఆగింది. తుపాను వల్ల కాదు, నా వల్ల. ఆరు రోజుల కిందటే చెయ్యాల్సిన పని నేను చెయ్యలేదు. మీవాళ్ళ జాడ పోయింది ఆ రెండు నిమిషాల్లోనే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆ సంగతి తరవాత చూద్దాం" అంది. మాట గట్టిగానే ఉంది. "నిన్ను వదల్ను, అది తరవాత. ముందు ఇది చెప్పు. తెరిచి ఉంచుతావా, ఉంచవా?"

తెరవైపు చూశాను. నిమిషం మారింది. చిట్టితల్లి పేరుకి ఎదురుగా కొత్త వరస పడింది: వేటలో ఉంది. జాడ లేదు. ఆ వరస పడిన చోటు నిన్నటిదాకా ఎవరిదో నాకు తెలుసు.

"ఉంచుతానమ్మా."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు చెప్పేదాకా. చోటుంది."